ఊఁ కొట్టిన ఊరు

ఆ ఊరి మునిసిపల్ ఛైర్మన్‌కి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది గానీ, ఎన్నికలప్పుడు గోడల మీద తప్ప దాన్ని ఎవరూ వాడేవాళ్ళు కాదు. వెనకాల అందరూ ‘అలాగేగారు’ అనేవాళ్ళు. ఎవరేం అడిగినా “అలాగే” అనడం ఆయన అలవాటు. కాలవ తవ్వించమన్నా అలాగే, పూడ్పించమన్నా అలాగే. తవ్వమనేవాళ్ళూ పూడ్చమనేవాళ్ళూ ఒకేసారి వచ్చిపడితే అందరికీ టీలు ఇప్పించి, ఎవరివైపు తలలు ఎక్కువున్నాయో ఓరకంట చూసుకుని, అటు తిరిగి అలాగే అనేవాడు. చెడ్డవాడని అనడానికి వీల్లేదు. లంచం ముట్టడు, కేకలెయ్యడు, ఎవరింట్లో కష్టమొచ్చినా అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంటాడు. కాకపోతే, తనకంటూ ఒక అభిప్రాయం ఉండటమంటే జనాన్ని అవమానించడమేనని ఆయన గట్టి నమ్మకం. ఆయనకున్న గట్టి నమ్మకం అదొక్కటే.

మీసం సంగతి చెబితే మనిషి ఇంకా బాగా అర్థమవుతాడు. మొదటిసారి గెలిచినప్పుడు ఆయనకి గుబురు మీసం ఉండేది. ఈకాలం వాళ్ళకి నున్నటి మొహాలే నచ్చుతున్నాయని ఎవరో చెవిలో ఊదితే తీసేశాడు. మార్కెట్లో నలుగురు “మీసం ఉంటేనే నిండుగా ఉన్నారండీ” అనేసరికి మళ్ళీ పెంచడం మొదలుపెట్టాడు. ఈ కథ జరిగేనాటికి అది ఉందనడానికీ లేదు, లేదనడానికీ లేదు.

ఆయన సంగతి పక్కన పెడితే, అసలు మనకి కావలసింది పిన్ని. ఛైర్మన్ తల్లికి స్వయానా చెల్లెలు. ఛైర్మన్ పిన్ని అంటాడు కాబట్టి ఊళ్ళో పెద్దాచిన్నా అందరికీ ఆవిడ పిన్నే అయిపోయింది. చాలాకాలం బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పేది. ‘మూడో నంబరు ప్లాట్‌ఫారం’ అన్నా సరే, ఆవిడ నోట అది ఏదో మంచి కబురులా వినిపించేది. ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతున్నా బల్ల మీద కూర్చుని వింటూ ఉండిపోయినవాళ్ళున్నారని చెప్పుకుంటారు. కొంచెం ఎక్కువ చేసి చెప్పుకుంటారనుకోండి. తర్వాత రికార్డు చేసిన గొంతు ఒకటి వచ్చి ఆ ఉద్యోగం కాస్తా ఎగరేసుకుపోయింది. పిన్ని ఇంట్లో కూర్చుంది. భర్త ఉద్యోగం మాత్రం అలాగే నిలబడింది. ఆయన చుట్టుబస్సు డ్రైవరు.

చుట్టుబస్సంటే మునిసిపాలిటీకున్న ఒకే ఒక్క బస్సు. మార్కెట్ దగ్గర బయల్దేరి ఆసుపత్రి, బడి, పోస్టాఫీసు, మిల్లు గేటు చుట్టి మళ్ళీ మార్కెట్‌కే వస్తుంది. చిన్నది, రంగు వెలిసింది, వానొస్తే వెనక సీటు మీద కారుతుంది. డ్రైవరు బాబాయి ఉత్త నిదానస్తుడు. సందు చివర ఎవరైనా కనిపించి చెయ్యి ఊపితే, వాళ్ళు చెప్పులు సర్దుకుని వచ్చేదాకా ఇంజను ఆన్‌లో ఉంచి ఆగుతాడు. ఈ బస్సెక్కితే చేరినట్టేనని లోపలున్నవాళ్ళు సణుక్కుంటారు. ఆ సణుక్కునేవాళ్ళే తమకి ఆలస్యమైన రోజున సందు చివర నిలబడి చెయ్యి ఊపుతారు. ఆయనకి స్టీరింగు తప్ప వేరే ధ్యాస లేదు. సెలవు రోజున ఇంట్లో ఉంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గిన్నెలు అటూ ఇటూ సర్ది పిన్ని చేత చీవాట్లు తినేవాడు.

ఎన్నికలు దగ్గరపడుతున్నాయనగా లెక్కలాయన దిగాడు. ఎక్కడెక్కడి నాయకులకో సర్వేలు చేసిపెట్టే మనిషి. జనం ఏమనుకుంటున్నారో జనానికంటే ముందు తనకే తెలుస్తుందని చెప్పుకుంటాడు. మార్కెట్ మధ్య బస్సాగే చోటు ఖాళీ చేసి, చదును చేసి, దీపాలూ బల్లలూ వేస్తే చూడ్డానికి బావుంటుందనీ, ఓట్లు కూడా రాలతాయనీ ఛైర్మన్‌కి చెప్పాడు. అలా చెయ్యాలంటే చుట్టుబస్సు తీసెయ్యాలి. తీసేస్తే జనం ఏమంటారో ఫోన్ చేసి అడుగుదామన్నాడు. ఛైర్మన్ అలాగే అన్నాడు. అని, ఫోన్లు చెయ్యడానికి మొట్టమొదట పిన్నినే పిలిచాడు.

“నీ గొంతు వింటే ఎవరూ ఫోన్ పెట్టెయ్యరు పిన్నీ” అన్నాడు.

పిన్ని సంబరపడింది. మొదటిరోజు వెళ్ళి కాగితం మీదున్న ప్రశ్న చదివాక ఆ సంబరం కాస్తా నీరుగారిపోయింది. కాగితం పట్టుకుని తిన్నగా అక్క కొడుకు గదిలోకి వెళ్ళింది.

“ఇది మీ బాబాయి బస్సు కదరా.”

“తెలుసు పిన్నీ. అందుకే నేను నోరెత్తకూడదు. ఉంచుతానంటే సొంతవాళ్ళ కోసం ఉంచుకున్నాడంటారు. తీస్తానంటే సొంత బాబాయినే దించేశాడంటారు. జనాన్ని అడిగితే ఏ గొడవా ఉండదు.”

“తీసేస్తే ఆయన్నేం చేస్తావు?”

“జీతం ఎక్కడికీ పోదులే. స్టోరురూములో కుర్చీ వేయిస్తాను.”

స్టోరురూము కుర్చీలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని భర్తని ఊహించుకుంది పిన్ని. కానీ ఒక్క క్షణమే. ఈ ఊళ్ళో ఆ బస్సు వద్దనే మనిషెవరు? అడిగితే మంచిదే, ఈ లెక్కలాయన నోరు ఒక్కసారిగా మూతబడుతుంది అనుకుంది. ఆ ధీమాతోనే చెవులకి ఫోను తగిలించుకుంది.

ఛైర్మన్ ఆఫీసు పైన, కింది బట్టలకొట్టు మూటలు వేసుకునే పొడుగాటి గదిలో బల్లలు వేశారు. నంబరు కంప్యూటరే కలుపుతుంది, మనిషి మాట్లాడితే చాలు. చివర్న మూడు బొత్తాలు. అవునంటే పచ్చది, కాదంటే ఎర్రది, ఏదీ తేల్చకపోతే బూడిదరంగుది.

“ఆఁ అన్నా, సరే అన్నా, ఊఁ అన్నా పచ్చదే నొక్కండి” అని పాఠం చెప్పాడు లెక్కలాయన. “మధ్యలో పెట్టేసినవాళ్ళు లెక్కలోకి రారు. ప్రశ్న పూర్తిగా విన్నవాళ్ళే మనకి కావాలి.”

ఆ ప్రశ్న బారెడుంది. పిన్ని పక్కన కూర్చున్న అమ్మాయిలు దాన్ని గడగడా అప్పజెప్పేవాళ్ళు. అవతలివాళ్ళు సగంలోనే ఫోన్ పెట్టేసేవాళ్ళు. పిన్ని అలా కాదు. “నమస్కారమండీ, భోజనం వేళకి ఇబ్బంది పెట్టానా?” అని మొదలుపెట్టేది.

“మన ఊళ్ళో చుట్టుబస్సని ఒకటుంది కదండీ.”

“ఊఁ.”

“పొద్దున్నే మార్కెట్ దగ్గర బయల్దేరుతుంది. ఆసుపత్రి, బడి, పోస్టాఫీసు అన్నీ చుట్టి, మిల్లు గేటు మీదుగా మళ్ళీ మార్కెట్‌కే వస్తుంది.”

“ఊఁ.”

“ఈమధ్య దానికి ఖర్చు పెరిగిపోయిందంటున్నారు. దాన్ని తీసేసి, ఆ బస్సాగే చోటంతా చదును చేసి, దీపాలు పెట్టి, సాయంత్రాలు జనం కూర్చోడానికి బల్లలు వేస్తే బావుంటుందని ఒక ఆలోచన. మీకు సమ్మతమేనా అని ఛైర్మన్‌గారు అడగమన్నారు.”

“ఊఁ.”

పిన్ని ఒక్క క్షణం ఆగేది. ఇంకేమైనా అంటారేమోనని చూసేది. అవతల చడీచప్పుడూ ఉండేది కాదు. “చాలా సంతోషమండీ” అని, సంతోషం ఇసుమంతైనా లేకుండా పచ్చ బొత్తాం నొక్కేది.

రోజులు గడిచేకొద్దీ తెర మీద పచ్చటి పట్టీ సాగుతూ పోయింది. పూర్తయిన ఫోన్లలో ముప్పాతికవంతు పిన్నివే. లెక్కలాయన ఆవిడని నెత్తిన పెట్టుకున్నాడు. మధ్యాహ్నాలు స్వయంగా టీ తెచ్చిచ్చేవాడు. ఆ టీ బల్ల మీదే చల్లారిపోయేది. ఫోన్లో కొన్ని గొంతులు ఆవిడకి బాగా తెలిసినవే. మిల్లు గేటు దగ్గర రోజూ ఎక్కే కుట్టుపనావిడ కూడా ఊఁ అంది. మర్నాడు ఆవిడ ఎదురుపడి నవ్వితే పిన్ని మొహం పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయింది. ఏళ్ళ తరబడి ఆ మనిషి కోసం బస్సాపిన భర్త గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది.

“ఫోన్లలో ఏమడుగుతున్నారు?” అనడిగాడు ఒకరోజు డ్రైవరు బాబాయి.

“ఏవో, నీళ్ళ పంపుల సంగతి” అంది పిన్ని, ఆయన మొహం చూడకుండా.

ఆ అబద్ధానికి ఆయుష్షు తక్కువైంది. ఆ వారమే మార్కెట్లో, బస్సాగే చోటికి సరిగ్గా ఎదురుగా, పెద్ద బోర్డు వెలిసింది. ‘ఊరు అవునంది’ అని అక్షరాలు. పక్కనే రెండు చేతులూ జోడించిన ఛైర్మన్, ఆ సగం మీసంతో. కింద దీపాల బొమ్మలు, బల్లల బొమ్మలు. బస్సు ఎప్పటిదాకా తిరుగుతుందో ఆ తేదీ కూడా వేశారు. బాబాయి ఇంటికొచ్చి చెప్పులు విప్పి, “బోర్డు పెట్టారు, చూశావా?” అన్నాడు. చూశానంది పిన్ని. “ఊరే అన్నాక ఇంకేముంది” అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

సమ్మతించినవాళ్ళందరికీ మళ్ళీ ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పమన్నాడు లెక్కలాయన. జనానికి అది నచ్చుతుందట. ఆ ఫోన్లలోనే ఒక పెద్దాయన తగిలాడు.

“చుట్టుబస్సు తీసెయ్యడానికి మీరు సమ్మతించినందుకు ఛైర్మన్‌గారు కృతజ్ఞతలు చెప్పమన్నారండీ.”

“ఆగమ్మా. ఎవరు సమ్మతించారు?”

“మీరేనండీ. నేనే మాట్లాడాను కదా. మీరు ఊఁ అన్నారు.”

“అప్పుడు నువ్వు బస్సు కథ చెప్పావు. బాగా చెప్పావు. నేను ఊఁ కొట్టాను. కొట్టకపోతే వినట్లేదనుకుని నొచ్చుకుంటావు కదా పాపం. నువ్వేమో మధ్యలో సంతోషమని చెప్పి పెట్టేశావు. ఇంతకీ ఆ బస్సు ఉంచారా, తీసేశారా?”

పెద్దాయనకి ఏం చెప్పిందో, ఫోన్ ఎలా పెట్టేసిందో పిన్నికే గుర్తులేదు. వెంటనే కుట్టుపనావిడ నంబరు వెతికించుకుని చేసింది.

“నేనెందుకు వద్దంటాను పిన్నీ? నాకు ఆ బస్సు లేకపోతే కాళ్ళే గతి” అందావిడ. “మీరు చెప్తుంటే వినాలనిపించింది, విన్నాను. చివర్లో అడిగింది నన్నని అనుకోలేదు. ఛైర్మన్‌గారు ఎవర్నో అడగమన్నారని చెప్తున్నారనుకున్నా.”

ఊఁ అంటే ఒప్పుకోవడమేనన్నది నిజమే. ఊఁ అంటే వింటున్నాను, కానివ్వు అనీ నిజమే. ఛైర్మన్ చిన్నప్పుడు వాడి పక్కన పడుకుని కథలు చెప్పి, వాడి ఊఁ ఆగిపోగానే నిద్రపోయాడని తెలుసుకుని దుప్పటి కప్పిన మనిషి పిన్ని. అలాంటి ఆవిడ కూడా ఊఁ అనగానే పచ్చ బొత్తాం నొక్కుతూ కూర్చుందంటే ఏమనాలి? ఆఫీసులో కుర్చీ ఇస్తే ఇంట్లో తెలివి ఇంట్లోనే ఉండిపోతుందేమో. పక్క బల్లల అమ్మాయిల గొంతులకి జనం విసుక్కుని ఫోన్ పెట్టేశారు, ఆవిడ గొంతుకి ఊఁ కొట్టారు. భర్త బస్సుని ఆవిడ గొంతే తీసేసింది. ఆ మాట మనసులో అనుకోగానే పిన్నికి తన మీద తనకి అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఛైర్మన్ ఇంటికెళ్ళింది. ఆయన వరండాలో మెడకి తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు, మంగలి కత్తెర పట్టుకుని మీసం గురించి ఏదో ఒకటి తేల్చమని బతిమాలుతున్నాడు. పిన్ని మంగలిని కాసేపు బయట కూర్చోమని, ఉన్నదున్నట్టు చెప్పింది. ఛైర్మన్ మొహం పాలిపోయింది.

“అంటే జనం అవునన్లేదా?”

“ఎవరూ అనలేదురా. ఊఁ కొట్టారంతే.”

“బోర్డు కూడా పెట్టేశాను కదా పిన్నీ.”

“తీయించు.”

ఆయన తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు నమిలాడు. “జనాన్ని అడక్కుండా పెట్టిన బోర్డయితే తీసేద్దును. అడిగి పెట్టిందాన్ని అడక్కుండా ఎలా తియ్యను? ఇంకోసారి అడుగుదాం. ఈసారి కథలొద్దు. అవునా, కాదా, రెండే ముక్కలు. కాదంటే నేనే ఎక్కి బోర్డు పీకేస్తాను.”

మాట మీద నిలబడేవాడే, పాపం. పిన్నికి ప్రాణం లేచొచ్చింది. ఈసారి గొంతులోంచి తీపంతా పిండేసి, రికార్డు చేసిన గొంతులాగే చదివింది. “చుట్టుబస్సు తీసెయ్యమంటారా? అవునా, కాదా?”

“అవునండీ” అంది మొదటి గొంతు, తడుముకోకుండా. “ఊరంతా అదే అంటోంది కదా.”

రెండో గొంతు కూడా అవునంది. బోర్డు చూశానని చెప్పింది. మూడో ఆయన తన తమ్ముడూ మరదలూ కూడా అవునన్నవాళ్ళలోనే ఉండుంటారని, ఇంట్లో గొడవెందుకని అవునన్నాడు. “నేను రోజూ ఆ బస్సులోనే బడికెళ్తాను. కానీ అందరూ వద్దన్నాక నేనొక్కదాన్నే అడ్డం పడితే ఏం బావుంటుంది చెప్పండి? అవునని రాసుకోండి” అంది ఒక టీచరు. కాగితం మీది ప్రశ్నకి మించి పిన్ని ఒక్క మాటైనా మాట్లాడకూడదని లెక్కలాయన వెనకే నిలబడ్డాడు. పిన్ని పళ్ళు బిగబట్టి పచ్చ బొత్తాం నొక్కింది. ఈసారి ఎవరూ ఊఁ అనలేదు. అందరూ స్పష్టంగా, మర్యాదగా, అవును అన్నారు. కుట్టుపనావిడ కూడా, “మొన్నేదో తొందరపడి అన్నాను పిన్నీ, ఊరితో పాటే మనమూ” అంది.

మూడోరోజు మధ్యాహ్నం ఒక ఫోను కలిసింది. అవతల వెనకాల ఇంజను చప్పుడు, ఎవరో కేరింతలు కొడుతున్న పిల్లలు.

“హలో, చెప్పండి” అన్నాడు డ్రైవరు బాబాయి.

పిన్ని ఓరగా వెనక్కి చూసింది. లెక్కలాయన వెనకే ఉన్నాడు. “నమస్కారమండీ” అంది. “మునిసిపాలిటీ తరఫున మాట్లాడుతున్నాం. చుట్టుబస్సు తీసెయ్యమంటారా? అవునా, కాదా?”

ఆయన ఆవిడ గొంతు గుర్తుపట్టాడు. పట్టకుండా ఎలా ఉంటాడు? కానీ ఆవిడ ఆఫీసులో ఉందనీ, ఇది ఆఫీసు మాటేననీ కూడా గ్రహించాడు. ఆవిడతో ఎన్నడూ మాట్లాడనంత గౌరవంగా అన్నాడు.

“అవునని రాసుకోండమ్మా.”

పిన్ని వేలు బొత్తాం మీద ఆగిపోయింది. ఎర్రది పక్కనే ఉంది. ఒక్క వేలు జరిపితే చాలు. కానీ అది భర్త మాట, ఆయన మాట మార్చి రాసే హక్కు తనకి లేదనుకుంది. పచ్చది నొక్కి, చెవుల మీద ఫోను తీసి బల్ల మీద పెట్టి, ఇవాళ్టికి ఇక చెయ్యలేనని ఇంటికొచ్చేసింది.

రాత్రి భోజనం దగ్గర అంతా చెప్పేసింది. నీళ్ళ పంపుల అబద్ధం, బారెడు ప్రశ్న, ఊఁ, పచ్చ బొత్తాం, పెద్దాయన, అన్నీ. “అవునన్నది ఊరు కాదండీ, నేను. మొదట్నించీ నేనే” అంది. ఆయన కంచంలో చెయ్యి పెట్టుకుని విన్నాడు. ఊఁ కొట్టలేదు. తిడతాడేమోనని చూసింది, తిట్టలేదు. తిడితే బావుండేదనిపించింది.

“ఎవరూ అనలేదా?” అన్నాడు చివరికి.

“ఒక్కరూ అనలేదు. ఇప్పుడు మాత్రం అందరూ అంటున్నారు, అందరూ అన్నారని.”

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు.

చుట్టుబస్సు ఆఖరి రోజు రానే వచ్చింది. ఆఖరి ట్రిప్పులో ఛైర్మన్ కూడా ఎక్కి ఊరు చుట్టి వస్తే ఫోటోల్లో నిండుగా ఉంటుందని లెక్కలాయన అన్నాడు. ఛైర్మన్ అలాగే అన్నాడు. ఆయనతో పాటు లెక్కలాయనా, ఒక ఫోటోలాయనా ఎక్కారు. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. పిన్ని ఎవరి కంటా పడకుండా ఆయన వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చుంది.

బస్సు ఎన్నడూ లేనంతగా నిండిపోయింది. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే డ్రైవరు దగ్గరికి వంగి, పక్కవాళ్ళకి వినపడకుండా ఒక మాట చెప్పి లోపలికి వెళ్ళారు. “నాకైతే ఇష్టం లేదు బాబాయ్, ఊరంతా అవునంది, ఏం చేస్తాం.” “మా ఇంట్లో మేం తియ్యొద్దనే అన్నాం.” “ఎవరన్నారో గానీ, నేను మాత్రం కాదు.” పిన్ని కళ్ళు మూసుకుని ఆ గొంతులన్నీ విన్నది. ఒక్కో గొంతూ ఆవిడకి తెలుసు. ఇది బోర్డు చూశానన్నది. ఇది బడికెళ్ళే టీచరుది. ఇది తమ్ముడికీ మరదలికీ భయపడ్డది. పేరు పేరునా నిలదీద్దామన్నంత కోపం వచ్చింది ఆవిడకి. ఆ వెంటనే జాలేసింది. వాళ్ళు అబద్ధం ఆడట్లేదు. ఎవరికి వాళ్ళకి బస్సు కావాలి. అది తమకొక్కరికే కావాలనుకుంటున్నారు.

పోస్టాఫీసు దాటాక ఛైర్మన్ ఆవిడ పక్కకొచ్చి కూర్చున్నాడు. ఇందాకట్నుంచీ ఆయన అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు. జనం మొహాలు చదవడంలో ఆయన్ని మించినవాడు లేడు, ఆ మాట ఒప్పుకోవాలి.

“పిన్నీ” అన్నాడు గొంతు తగ్గించి. “వీళ్ళెవరికీ ఇష్టం లేనట్టుందేమిటి?”

“నన్నెందుకు అడుగుతావు? ఎదురుగా ఉన్నారుగా, వాళ్ళనే అడుగు.”

“అలాగే” అని ఆయన లేచి, పైనున్న కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఫోటోలాయన కెమెరా ఎత్తాడు. ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు.

“మీలో ఎవరికైనా ఈ బస్సు కావాలా?”

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరు కుట్టుపనావిడ వైపు చూసింది. కుట్టుపనావిడ తన చేతిసంచీ వైపు చూసుకుంది. తమ్ముడికి భయపడే ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ముందు మాట్లాడేది వేరేవాళ్ళయితే బావుండునని ఆ బస్సులో ప్రతి మనిషీ కాచుకుని కూర్చున్నాడు. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. లెక్కలాయన చిరునవ్వు నవ్వి, చూశారా అన్నట్టు ఛైర్మన్‌కి సైగ చేశాడు.

“నాకు కావాలి.”

బాబాయి వెనక్కి తిరగలేదు. రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. గొంతు పెంచలేదు కూడా, టిక్కెట్టు చిల్లర అడిగినట్టే అన్నాడు.

ఛైర్మన్ బిత్తరపోయాడు. “బాబాయ్, అది కాదు, నేను జనాన్ని...”

“నాకూ కావాలి” అంది పిన్ని. ఊరంతటినీ అడిగిన ఆవిడని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆ మాట నోటంట వచ్చాక గానీ ఆవిడకి ఆ సంగతి తట్టలేదు.

“నాకూ” అంది కుట్టుపనావిడ, సంచీ వైపే చూస్తూ. తర్వాత టీచరు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు, ముందు సీటునుంచి వెనక సీటుదాకా ఒకటే మాట. తమ్ముడికి భయపడే ఆయనైతే లేచి నిలబడి మరీ అన్నాడు. ఎవరూ ఊఁ అనలేదు. లెక్కలాయన సీట్ల మధ్య నిలబడి మొహాలు లెక్కపెట్టబోయి మానేశాడు.

ఛైర్మన్ మొహం వెలిగిపోయింది. ఆయనకి నిజంగానే సంతోషం వేసింది, నటన కాదు. “అయితే ఉంచేద్దాం” అన్నాడు. “నేను మొదట్నించీ అంటున్నది అదే కదా.” అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోలాయన తీశాడు. మర్నాడు బోర్డు మీద అక్షరాలు మార్చారు, మొహం అదే ఉంచారు. ఆ ఎన్నికల్లో ఆయన మళ్ళీ గెలిచాడు కూడా.

అదంతా తర్వాత సంగతి. ఆ సాయంత్రం మార్కెట్ దగ్గర బస్సాగింది. దిగేవాళ్ళందరూ, నేను ముందే తియ్యొద్దన్నానని డ్రైవరుకి చెప్పి మరీ దిగారు. ఆయన అందరికీ తల ఊపాడు. బస్సు ఖాళీ అయ్యాక ఇంజను ఆపేశాడు. పిన్ని ఆయన వెనక సీట్లోనే కూర్చునుంది.

“ఒక మాట అడుగుతాను” అంది. “ఫోన్లో అవునన్నారు కదా. ఇవాళ కావాలన్నారు. నేను చెప్పాకే మనసు మార్చుకున్నారా?”

“మనసెక్కడ మారింది?” అన్నాడు ఆయన, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి. “నువ్వు ఫోన్ చేసి, తీసెయ్యమంటారా అన్నావు. ఊరేమంటోందో చెప్పమంటున్నావనుకున్నాను. చెప్పాను. నన్నడుగుతున్నావని అనుకోలేదు.”

పిన్నికి ఏడుపొచ్చింది. ఆయన వెనక్కి తిరిగి చూసి, కాసేపు అలాగే ఏడవనిచ్చాడు. సందు చివర ఎవరో చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొస్తున్నారు. ఆయన మళ్ళీ ఇంజను ఆన్ చేసి ఆగాడు.